షాలిమార్ యార్డులో జమ్మిచెట్టు

పెదనాన్న ఉత్తరం నాలుగు వాక్యాలే.

"తమ్ముడూ, ఇక్కడ అందరం బాగున్నాం. యార్డులో మన జమ్మిచెట్టు కొట్టేస్తామంటన్నారు. నీ కూతురు చెట్ల చదువు చదివింది గదా, దసరాకి పంపు. అది జమ్మేనని కాయితం మీద రాసి సంతకం ఎట్టాల."

పెదనాన్న పేరు సింహాచలం. పదిహేనో ఏట పలాస దగ్గరి మా ఊరు నుంచి కలకత్తా వెళ్లి, గంగకి హౌరా వైపు ఒడ్డున ఉన్న షాలిమార్ గూడ్సు యార్డులో వ్యాగన్లు కడిగే పనికి కుదిరాడు. అక్కడే రిటైరయ్యాడు. ఆ చెట్టు గురించి చిన్నప్పటి నుంచీ వింటూనే ఉన్నాం. కలకత్తా మొత్తానికి జమ్మి అదొక్కటేననీ, విజయదశమికి అక్కడి మన తెలుగువాళ్లంతా దానికిందే చేరతారనీ ఊరికొచ్చినప్పుడల్లా చెప్పేవాడు.

నేను అప్పటికి బాటనీలో ఎమ్మెస్సీ పూర్తి చేసి ఇంట్లో ఖాళీగా ఉన్నాను. తెలిసిన జవాబుకి కూడా క్లాసులో చెయ్యెత్తని మనిషిని. నా మాటలన్నీ డైరీలోకే పోతాయి. అలాంటిదాన్ని ఒక చెట్టు తరఫున సాక్ష్యం చెప్పమంటున్నారు. భయమేసింది. అయినా కలకత్తా చూడాలన్న ఆశ ఆ భయం కన్నా ఒక వీసమెత్తు ఎక్కువే ఉంది.

రైలు కిటికీ

పొద్దున్నే పలాసలో ఎక్కాను. కిటికీ పక్కన చోటు దొరికితే నాకు పుస్తకం కూడా అక్కర్లేదు. ఇచ్ఛాపురం దాటేదాకా పట్టాల పక్కనంతా సర్కారు తుమ్మ. మా వైపు దాన్ని చెట్టని ఎవరూ అనరు, కంప అంటారు. వంటచెరకు, మేకల మేత, చేను చుట్టూ అడ్డం. ఎక్కడో సముద్రాలవతలి నుంచి తెచ్చి మన నేల మీద వదిలిన మొక్క అది. జమ్మికి దగ్గర చుట్టమని మా పాఠంలో ఉంది గానీ ఊళ్లో చెబితే నవ్వుతారు.

చిలికా సరస్సు దాటాక కంప పలచబడింది. దాని బదులు కొడవలి ఆకారంలో ఆకులున్న తుమ్మలు వరసగా వచ్చాయి. రెండూ చిక్కుడు కుటుంబమే. కాయ రెండు చెక్కలుగా ఉండి లోపల గింజలు బారు తీరే మొక్కల్లో చాలావరకు ఆ కుటుంబంలోవే. కంది, శనగ, చింత, కానుగ, గడ్డిలో దాక్కునే అత్తిపత్తి దాకా. ఈ ప్రయాణంలో ఆ కుటుంబంవి ఎన్ని కనిపిస్తే అన్నీ డైరీలో రాయాలని పందెం వేసుకున్నాను, నాతో నేనే.

భువనేశ్వర్‌లో ఎక్కిన ఒక బెంగాలీ ఆవిడ మరమరాల పొట్లం విప్పి, పచ్చి ఆవనూనె వేసి కలిపి, అడక్కుండానే నా చేతిలో గుప్పెడు పోసింది. ముక్కు ఘాటెక్కింది. ఆవిడ హిందీలో అడిగింది.

"కలకత్తాకి పూజలు చూడ్డానికా, మా?"

వాళ్లు ఆడపిల్లల్ని "మా" అంటారని అప్పుడే తెలిసింది.

"చెట్టు చూడ్డానికి" అన్నాను.

"ఓరి నాయనో! కలకత్తాలో ఉన్నదంతా మనుషులే. చెట్లు చూడ్డానికి అక్కడికి వెళ్లేదానివి నువ్వొక్కదానివే!"

ఖరగ్‌పూర్ దాకా ఆ ముక్క కంపార్ట్‌మెంటులో కొత్తగా ఎక్కిన ప్రతివాళ్లకీ చెప్పింది. నేను కిటికీలోంచి తల తిప్పలేదు.

టికియాపారా

స్టేషనుకి పార్వతక్క వచ్చింది. పెదనాన్న కూతురు, నాకన్నా మూడేళ్లు పెద్దది. సాల్ట్ లేక్‌లో ఒక కంప్యూటర్ల ఆఫీసులో పని. తెలుగు గబగబా మాట్లాడుతుంది, మధ్యలో బెంగాలీ దొర్లుతుంది, చదవడం మాత్రం రాదు.

"ఏటే, సైంటిస్టువి నువ్వేనా? అరె బాబా, గాలేస్తే ఎగిరిపోయేలాగున్నావు" అని నా సంచీ లాక్కుంది.

టికియాపారా హౌరా స్టేషనుకి దగ్గర్లోనే. పట్టాలు, వాటి పక్కన ఇళ్లు, మళ్లీ పట్టాలు. ఒక గోడ మీద కొడవలి సుత్తి, దానికిందే తెలుగులో "అమ్మవారి ఉత్సవములు" అని వంకర అక్షరాలు. సందులోకి అడుగు పెట్టేసరికి "ఏటి", "ఎలగ", "ఓలమ్మా" అంటూ మా ఊరి మాటే వినిపించింది. చదువుల కోసం మేం దిద్దుకున్న మాటని వీళ్లు దిద్దుకోకుండా దాచారు.

పెదనాన్న భార్యని మేం దొడ్డ అంటాం. ఆ రోజు దొడ్డ తెల్లటి పువ్వులు శనగపిండిలో ముంచి వేయించి పెట్టింది. కరకరలాడుతూ, లోపల కాస్త చేదు.

"ఏం పువ్వు దొడ్డా?"

"అవిసి పువ్వే. మన ఊళ్లో ఆవులకి ఏస్తారు. ఈళ్లు బజ్జీలేసుకుంటారు. ముప్పై ఏళ్లు తిని నాకూ అలవాటైపోనాది."

అవిసె కూడా చిక్కుడు కుటుంబమే. డైరీ తీసి రాసుకున్నాను. పెదనాన్న నేను రాస్తున్నంతసేపూ నా పెన్ను వైపే చూశాడు.

"అలగే రాయాలమ్మా" అన్నాడు. "మన సెట్టు గురించి కూడా అలగే, గుండ్రంగా."

షాలిమార్

మర్నాడు చవితి. పొద్దున్నే నన్ను యార్డుకి తీసుకెళ్లాడు. పాత వ్యాగన్లు తుప్పు పట్టి నిలబడ్డ మూల, గడ్డిలోంచి ఒక్కటే లేచింది చెట్టు. రెండు చేతులకీ అందని మాను. కొమ్మలు కిందికి వాలి గొడుగులా ఉన్నాయి. గత దసరాకి కట్టిన చీటీల దారాలు రంగు వెలిసి ఇంకా వేలాడుతున్నాయి. చీటీల మీద ఇంటి వాళ్ల పేర్లు రాసి కొమ్మకి కట్టడం మా వైపు ఆచారం. ఒకటి విప్పి చూశాను. పేర్లు తెలుగువాళ్లవి, అక్షరాలు బెంగాలీవి.

"ఇక్కడ పుట్టిన గుంటలకి తెలుగు రాదు. ఏటి సేస్తాం, వొచ్చిన దాంట్లోనే రాస్తారు" అన్నాడు పెదనాన్న.

అప్పుడు ఆ చెట్టు కథ చెప్పాడు. ఆయన పనిలో చేరిన కొత్తలో మన వైపు నుంచి పశువుల వ్యాగన్లు వచ్చేవి. కడిగిన పేడంతా ఆ మూలకే కొట్టుకుపోయేది. ఒక వర్షాకాలం ఆ పేడలోంచి ముళ్ల మొక్క ఒకటి లేచింది. "ఆకు సూస్తే జమ్మాకు! మన రైల్లోనే, మన పశువుల కడుపులోనే వొచ్చిందమ్మా నా ఎనకాల." పట్టాల కింది పాత స్లీపరు చెక్కలు నాలుగు పాతి దడి కట్టాడట. మొదటి దసరాకి దాని చుట్టూ తిరిగింది నలుగురే. ఇప్పుడు టికియాపారా అంతా వస్తుంది.

వింటూనే ఒక కొమ్మ వంచాను. చెయ్యి చురుక్కుమంది.

ముల్లు దిగిన చోటే చూపు ఆగిపోయింది. ఆకు పుట్టే ప్రతి కణుపు దగ్గరా జంటగా రెండేసి పొడుగు ముళ్లు. జమ్మికి అలా ఉండవు. దానివి పొట్టి ముళ్లు, కణుపుకీ కణుపుకీ మధ్య కొమ్మంతా చెదిరి ఉంటాయి. కింద రాలిన కాయ ఏరాను. మందంగా, పసుపుపచ్చగా, బెల్లం వాసన. జమ్మికాయ సన్నగా పుల్లలా ఉంటుంది. అనుమానమే లేదు. రైలు కిటికీలోంచి నిన్నంతా నేను చూసిన కంపే ఇది. నరికేవాళ్లు లేక నలభై ఏళ్లు పెరిగి మానైంది.

"ఏటమ్మా? జమ్మే గదా?"

తల ఊపాను. అవునని కాదు, కాదని కూడా కాదు. నా తల ఎప్పుడూ అలాగే ఊగుతుంది.

అక్కణ్నుంచి యార్డు ఆఫీసుకి వెళ్లాం. అక్కడి పెద్దగుమాస్తాని అందరూ ఘోష్ బాబు అంటారు. బల్ల మీద కట్టలు, కట్టల మీద మట్టి పిడతలో టీ. పెదనాన్న పని చేసిన రోజుల నుంచీ పరిచయం.

"సింహాచలం, షెడ్డు ఆ మూల దాకా వస్తుంది. కాంట్రాక్టులో ఏమని రాశారంటే, ముళ్లకంప మొత్తం తీసెయ్యాలని" అన్నాడు ఆయన హిందీలో. "అది శమీ వృక్షమైతే వేరే మాట. పూజ చేసే చెట్టుని ముట్టుకుంటే నా యూనియను వాళ్లే ఊరుకోరు. గీత కాస్త జరపమని పైకి రాస్తాను. కానీ నా మాట మీద కాదు, చదువుకున్న వాళ్ల మాట మీద." నా వైపు తిరిగాడు. "ఏం మా, నువ్వేనా చదివింది? ఏకాదశి నాటికి కాగితం నా బల్ల మీద ఉండాలి. ఏ చెట్టో పేరు, కింద నీ సంతకం. అంతే."

అంతే అన్నాడు. ఆయన ఇప్పించిన టీకి నాలిక కాలింది. బయటికి వచ్చాక పిడతని అందరిలాగే నేల మీద పగలగొట్టాలని తెలియక చేత్తో పట్టుకునే టికియాపారా దాకా నడిచాను.

బెండు పువ్వు

పంచమి నాడు పార్వతక్క సెలవు పెట్టి కుమార్‌టులి చూపించింది. విగ్రహాలు చేసే వాళ్ల పేట అది. చాలా బొమ్మలు అప్పటికే లారీలెక్కాయి. ఒక గుమ్మంలో ఒకావిడ తెల్లటి బెండుని చాకుతో పొరలు పొరలుగా తీస్తూ అమ్మవారి కిరీటానికి పువ్వులు చుడుతోంది. ఆ పొరలు కాగితం కన్నా పలచన. దాన్ని వాళ్లు శోలా అంటారు. చూడగానే గుర్తుపట్టాను. మా చెరువుల్లో దొరికే బెండే. మేం దాన్ని గాలానికి కడతాం, వీళ్లు దేవతకి పెడతారు. అదీ చిక్కుడు కుటుంబమే.

పక్క కొట్లో అలాంటివే థర్మాకోలువి సగం ధరకి అమ్ముతున్నారు. నాకు తేడా తెలియలేదు. అక్క చేత అడిగించాను.

"దూరం నుంచి అన్నీ ఒకటే" అందావిడ తలెత్తకుండా. "ముట్టుకుంటే తెలుస్తుంది." ఒక పువ్వు నా అరచేతిలో పెట్టింది. బరువే లేదు.

తిరిగి వస్తూ ఫుచ్‌కాలు తిన్నాం. మన పానీపూరీయే, చింతపండు పులుపు ఎక్కువ. మూడు రూపాయలకి ఆరు, చివర్న ఒకటి ఊరికే. నాలుగోది నోట్లో పట్టక చితికి, నీళ్లన్నీ డైరీ మీద పడ్డాయి. జంట ముళ్ల బొమ్మ గీసుకున్న పేజీయే తడిసింది. అక్క అది చూసింది.

"ఇదేటి, ఇన్ని ముళ్లు గీశావు?"

చెప్పేశాను. ఎవరికో ఒకరికి చెప్పకపోతే అన్నం అరిగేలా లేదు.

అక్క ఫుచ్‌కాలమ్మే అతనికి ఆకు దొన్నె ఇచ్చేసి, చెయ్యి కడుక్కుని, నా భుజం మీద చెయ్యేసింది. "జమ్మని రాసెయ్యి."

"అబద్ధం కదక్కా."

"ఎవడొచ్చి ముళ్లు లెక్కెడతాడే? ఘోష్ బాబుకి కాయితం కావాల, నాన్నకి సెట్టు కావాల. నీకేటి కావాల?"

తడిసిన పేజీని ఊదుకుంటూ నడిచాను.

గంగ రేవు

సప్తమి పొద్దున్నే రేవుకి వెళ్లాం. డప్పులు మోగుతుండగా అరటి మొక్కని గంగలో ముంచి, ఎర్రంచు తెల్లచీర కట్టి, కొత్త కోడలిలా ముసుగేసి తీసుకెళ్తున్నారు. దగ్గరికెళ్లి చూస్తే అరటి ఒక్కటే కాదు. తొమ్మిది మొక్కల కట్ట అది. పసుపు, వరి, మారేడు, దానిమ్మ, చేమలు, వాటితోపాటు అశోకం, మన జీలుగకి చుట్టమైన జయంతి. అన్నిటినీ కలిపి కట్టిన తీగ తెల్ల శంఖపుష్పం. చివరి మూడూ నా జాబితాలోవే. ఆ తీగని వాళ్లు అపరాజిత అంటారు. దశమికి మనం జమ్మిచెట్టు కింద పూజించే దేవి పేరూ అదే. ఇంత దూరంలో, ఇంత వేరే పూజలో ఆ పేరు వినిపించేసరికి, మా ఊరివాళ్లెవరో ఎదురైనట్టు అక్కడే నిలబడిపోయాను. డైరీలో రెండు పేజీలు రాశాను. ఏకాదశి కాగితం మాత్రం ఒక్క ముక్క రాయలేదు.

సాల్ట్ లేక్

నవమి నాడు పెదనాన్న ఒక గుడ్డసంచీ నిండా ఆకు కోసి, సాల్ట్ లేక్‌లో ఉన్న తెలుగు ఆఫీసర్ల ఇళ్లకి బయల్దేరాడు. ఏటా ఆయనే పంచుతాడట. నన్నూ రమ్మన్నాడు. గంగ దాటాక బస్సులో గంట. వెడల్పు రోడ్లు, వాటి మీద కప్పులా కమ్మిన నిద్రగన్నేర్లు. అవీ చిక్కుడు కుటుంబమే, కానీ ఆ రోజు రాసుకోబుద్ధి కాలేదు.

మొదటి ఇల్లు ఒక బ్యాంకు మేనేజరుది. ఆయన భార్య పద్మగారిది కరీంనగర్. పెదనాన్నని సోఫాలో కూర్చోబెట్టి, పళ్లెంలో సకినాలు పెట్టింది. ఆకుని రెండు చేతులా అందుకుని కళ్లకద్దుకుంది.

"మా దిక్కు దీన్ని బంగారం అంటరు బాబాయ్. మీరే లేకపోతే ఈ ఊర్ల మాకు దసరా ఏడిది?" అని, ఒక రెమ్మ వెలుతురుకి పట్టి చూసింది. "కాకపోతే ఇక్కడి ఆకు జర పెద్దగుంటది, కదా?"

"గంగ నీళ్ల బలం తల్లీ" అన్నాడు పెదనాన్న, నిమిషం తడుముకోకుండా.

ఆవిడ నవ్వింది. నేను సకినం తిరిగి పళ్లెంలో పెట్టేశాను. ఆయన అబద్ధమాడటం లేదు. ఆ మాట ఆయన మనసారా నమ్ముతున్నాడు. నేను కాగితం మీద జమ్మి అని రాస్తే మాత్రం అది గంగ నీళ్ల బలంలాంటి మాట అవదు. తెలిసి రాసిన మాట అవుతుంది.

మళ్లీ చెట్టుకింద

తిరుగు దారిలో "పెదనాన్నా, ఒకసారి యార్డుకి వెళ్దామా?" అన్నాను. ఈ ప్రయాణం మొత్తంలో నాకై నేను అడిగింది అదొక్కటే.

చెట్టుకింద ఎండ చల్లబడింది. కొమ్మ వంచి చూపించాను. మాట సగంలో ఆగకుండా కళ్లు ముల్లు మీదే పెట్టి చెప్పాను. "ఇది జమ్మి కాదు పెదనాన్నా. సర్కారు తుమ్మ. ముళ్లు జంటగా ఉన్నాయి చూడు. కాయ కూడా వేరు."

పెదనాన్న కొమ్మని తన వైపు లాక్కుని ముళ్లు వేలితో తడిమాడు. ఒక గూడ్సు బండి పూర్తిగా వెళ్లిపోయింది.

"ఎప్పుడు తెలిసిందమ్మా?"

"చవితి నాడే."

"ఐదు రోజులు నా ఇంట్లో అన్నం తిని సెప్పలేదేటి?" కోపంగానే అన్నాడు.

మళ్లీ కాసేపటికి, గొంతు మార్చి అడిగాడు. "మరి అసలు జమ్మికి ముల్లు ఎలగుంటాది?"

నేను ఆశ్చర్యంగా చూశాను. పదిహేనేళ్లు ఆ ఊళ్లో పెరిగినవాడు.

"నానెప్పుడు సూసినాను? ఊళ్లోవాళ్లు పూజ సేస్తంటే మన వీధోళ్లం గట్టవతల నిలబడీవోళ్లం. అందరిదీ అయిపోయాక ఒకడు గుప్పెడు ఆకు ఇసిరీవోడు. పరిగెట్టి ఏరుకునీవోళ్లం. ఆకు తెలుసు. ఆకు బాగా తెలుసు. సెట్టు దగ్గరకి ఎల్తేగదా ముల్లు తెలీడానికి."

డైరీ తీసి కొత్త పేజీలో జమ్మి కొమ్మ గీశాను. గీస్తుంటే నాకూ ఒక సంగతి తట్టింది. ఆ ముళ్లు నాకు తెలిసింది కాలేజీ ల్యాబులో అట్టకి అంటించిన ఎండు కొమ్మ మీంచి. మా ఊరి జమ్మిని నేనూ ముట్టుకోలేదు. ఇప్పుడు ఎవరూ వద్దనరు. అయినా మా వీధి వాళ్లం ఇప్పటికీ గట్టు దగ్గరే ఆగిపోతాం.

బొమ్మని దూరంగా పెట్టి, దగ్గరగా పెట్టి చూశాడు. తర్వాత తన చెట్టు మాను మీద అరచెయ్యి ఆనించాడు.

"అబద్ధం రాయకు" అన్నాడు. "నీ సేతిరాత బాగుంటాది. పాడుసేసుకోకు."

దశమి

సాయంత్రానికి యార్డు మూల నిండిపోయింది. రైల్వే వాళ్లు, కార్పొరేషను వాళ్లు, పట్టుపరికిణీల పిల్లలు. ఈసారి చీటీలు నా చేత తెలుగులో రాయించుకోవాలని బారులు తీరారు. నా చెయ్యి నొప్పెట్టేదాకా రాశాను. అందని కొమ్మలకి కట్టడానికి పెద్దవాళ్లు పిల్లల్ని ఎత్తుకుంటున్నారు.

పూజకి ముందు పెదనాన్న స్లీపరు చెక్క మీద నిలబడ్డాడు.

"ఇనండి. ఇది జమ్మి కాదంట. జమ్మికి పినతండ్రి బిడ్డంట. సదువుకున్న మన పిల్ల ముళ్లు సూసి సెప్పింది. పైగా దీన్ని కొట్టేస్తారు. ఇష్టమున్నోళ్లు కట్టండి, లేనోళ్లు ఇంటికెళ్లండి."

గుంపులో గుసగుసలు లేచాయి. ఎవరో వెనక నుంచి అరిచారు. "నలభై ఏళ్లుగా కట్టిన సీటీలు మరేటయినట్టు సింహాచలం మావా?"

"బంగ్లాలో రాసిన సీటీలు సదివిన అమ్మోరు ముల్లు తేడాకి సర్దుకోదేటి, కట్టరా!" అంది దొడ్డ.

నవ్వులు పొంగాయి. ఇద్దరు ముసలివాళ్లు మాత్రం నవ్వకుండా చీటీలు జేబులో పెట్టుకుని వెళ్లిపోయారు. ఒకాయన వెళ్తూ నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. మిగిలినవాళ్లు కట్టారు. ఆకు ఒకరికొకరు ఇచ్చుకున్నారు. పార్వతక్క నా చేతిలో ఒక రెమ్మ పెట్టి, "సంతోషమేనా లజ్జావతీ?" అంది. పట్టాల పక్కన ముడుచుకునే అత్తిపత్తిని బెంగాలీలో అలా అంటారు. ఆ వారమంతా నా పేరు అదే.

కాగితం

ఏకాదశి నాడు పెదనాన్న, పార్వతక్కలతో వెళ్లి ఘోష్ బాబు బల్ల ముందు నిలబడ్డాను. ముందు రాత్రంతా కాదు గానీ, పొద్దున ఒక గంట కూర్చుని ఒకే పేజీ రాశాను. చెట్టు పేరు సర్కారు తుమ్మ అని, శాస్త్రీయ నామంతో సహా. జమ్మికి అతి దగ్గరి చుట్టమని. తెలుగువాళ్లు నలభై ఏళ్లుగా పూజిస్తున్నారని. చివర ఒక విన్నపం, కొట్టక తప్పదనుకుంటే మోకాలెత్తున కొట్టి, మోడు తవ్వకుండా వదలమని.

ఆయన కళ్లద్దాలు సర్దుకుని రెండుసార్లు చదివాడు.

"శమీ అని రాసుంటే గీత జరిపేవాణ్ని, మా."

"తెలుసండీ."

"ఇలా రాస్తే కొట్టేస్తారు."

"తెలుసండీ. మోడు ఉండనివ్వండి, చాలు. దీన్ని నరికితే చావదు." నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "మా వైపు రైతులు తిట్టుకునేది అందుకే."

ఆయన కాంట్రాక్టు కట్ట విప్పి వేలితో ఒక్కో లైనూ చదివాడు. ముళ్లకంప కొట్టాలని ఉంది. తవ్వాలని లేదు. షెడ్డు గోడ మోడుకి రెండడుగుల ఇవతలే ఆగుతుంది, కప్పుకి అడ్డం కొమ్మలే. ఆయన నా కాగితం అంచు మీద ఎర్రసిరాతో బెంగాలీలో ఏదో రాసి, మాకు టీ చెప్పాడు. ఈసారి పిడతని నేనూ నేల మీద పగలగొట్టాను. ఒక దెబ్బకి పగల్లేదు. పార్వతక్క పడీ పడీ నవ్వింది.

ఇంటికొచ్చాక

దసరా తర్వాతి పున్నమికి అక్కడ చేసే లక్ష్మీపూజ అయిన మర్నాడు చెట్టు కొట్టేశారు. అప్పటికి నేను మా ఊళ్లో ఉన్నాను. అక్క బూత్ నుంచి ఫోన్ చేసి చెప్పింది. పెదనాన్న పక్కనే నిలబడి చూశాడు, ఒక దుంగ అడిగి తెచ్చుకున్నాడు, రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు అంది. నామీద కోపంగా ఉన్నాడా అని అడగలేకపోయాను.

ఆ వారమే మా ఊరి జమ్మి దగ్గరికి వెళ్లాను. పూజ అయిపోయి ఎవరూ లేరు. గట్టు దాటాను. కొమ్మ పట్టుకున్నాను. పొట్టి ముళ్లు, చెదురుగా, నేను గీసినట్టే ఉన్నాయి. ఒక్క విషయం తప్పు గీశాను. అవి కిందివైపు వెడల్పుగా, చిన్న గులాబీ ముల్లులా ఉంటాయి. అట్ట మీది కొమ్మకి అవి అరిగిపోయి ఉండాలి. చిన్న రెమ్మ తుంచి, ముల్లు విరక్కుండా బెండు ముక్క మధ్య పెట్టి, కవరులో టికియాపారాకి పోస్టు చేశాను. ఉత్తరం రాయలేదు.

జవాబు రాలేదు. చలికాలం పోయింది, ఎండాకాలం పోయింది. డైరీలో కలకత్తా జాబితా ఇరవై మూడు మొక్కల దగ్గర ఆగింది.

మళ్లీ దసరా వచ్చింది. విజయదశమి సాయంత్రం పక్కింటికి నాకు ఫోన్ వచ్చింది. ముందు పార్వతక్క మాట్లాడింది. మోడు చుట్టూ పదిహేను చిగుళ్లు లేచాయట, వానలకి నడుమెత్తు అయ్యాయట. ఈసారి పిల్లల్ని ఎవరూ ఎత్తుకోనక్కర్లేకపోయిందట, వాళ్లకి అందేంత ఎత్తులో ఉన్నాయని పోటీపడి చీటీలన్నీ వాళ్లే కట్టేశారట. వెళ్లిపోయిన ఇద్దరు ముసలివాళ్లలో ఒకాయన వచ్చాడట. "నీ పేరు మీద కూడా ఒక సీటీ ఉందే. బంగ్లాలో. నీకు సదవడం రాదులే."

తర్వాత పెదనాన్న. ఎప్పట్లాగే ఫోన్‌లో అరుస్తూ.

"అమ్మా, నువ్వంపిన ముల్లు సూసినాను. ఏడాదంతా సూసినాను. దేవుడి పటం దగ్గరెట్టినాను."

"సరేనా పెదనాన్నా?"

అవతల పిల్లల గోల, దూరంగా గూడ్సు బండి కూత. ఆయన రెండు ముళ్లనీ చేత్తో తూచి చూసినవాడిలా చెప్పాడు.

"బాగుందమ్మా. కానీ మన దాని ముల్లే పదును."